పురుటినొప్పులు - నడుముసూది

మన పెద్దలు కాన్పును స్త్రీకి పునర్జన్మ యనిరి. ఆ మాటలో భయమును కలదు, గౌరవమును కలదు. తొమ్మిది నెలలు మోసిన బిడ్డను భూమిమీదికి తెచ్చునపుడు తల్లి పడు బాధ పడినవారికే యెఱుక. ఆ బాధను తగ్గించు ఉపాయ మొకటి నేడు మన పట్టణములలోని పలు ప్రసూతి ఆసుపత్రులలో లభించుచున్నది. దానిని వైద్యులు ఎపిడ్యూరల్ అందురు. ఇండ్లలో నడుముకిచ్చు సూది యనియు, నొప్పి తెలియని కాన్పు అనియు చెప్పుకొనుచున్నారు. దానిని తీసికొనవలయునా, మానవలయునా యను ప్రశ్న సీమంతమునాటికే ఇంటింట చర్చకు వచ్చుచున్నది. ఆ చర్చలో తల్లి, అత్త, ఆడుబిడ్డ, పొరుగింటి పిన్నిగారు అందఱును మాటలాడుదురు. కడుపుతోనున్న పిల్ల మాత్రము తల వంచుకొని వినుచుండును. ఈ వ్యాసమును ముఖ్యముగా ఆ పిల్లకొఱకును, ఆమె మేలు కోరు పెద్దలకొఱకును వ్రాయుచున్నాను.

"మేము నలుగురేసి పిల్లల్ని కన్నాం, ఏ సూదైనా పొడిపించుకున్నామా? నొప్పి పడితేనే గదమ్మా బిడ్డమీద మమకారం!" అని పెద్దమ్మగారందురు. "ఈ రోజుల్లో కూడా ఆ బాధెందుకు పెద్దమ్మగారూ? డబ్బు కడితే హాయిగా అయిపోతుందట" అని పట్టణమునుండి వచ్చిన కోడలనును. ఇరువురును ప్రేమతోనే పలుకుదురు. ఒకరికి ఆచారము ప్రమాణము, వేఱొకరికి క్రొత్తదనము ప్రమాణము. సూది ఎక్కడ గ్రుచ్చుదురో, అది చేయు మేలెంతో, కీడెంతో ఇరువురిలో ఎవరును అడిగినవారు కారు.

నొప్పి పడుటయే స్త్రీధర్మమనువారు మన ప్రాచీన వైద్యగ్రంథముల నొకమారు చూడవలయును. చరకసంహితలోని శారీరస్థానమున ఎనిమిదవ అధ్యాయము ప్రసూతిని గూర్చి విపులముగ చెప్పుచున్నది. తొమ్మిదవ నెలకు ముందే పురుటిల్లు సిద్ధపఱుపవలయుననియు, పెక్కుమారులు ప్రసవించినవారును స్నేహశీలురును అగు స్త్రీలు గర్భిణిచెంత నుండి ఆమె నోదార్చవలయుననియు అందు కలదు. నొప్పులు వచ్చిన స్త్రీచేత రోకలి పట్టించి ధాన్యము దంపింపవలయునని ఆ కాలమున కొంద ఱనుచుండిరి. ఆత్రేయుడు దానిని ఖండించి, గర్భిణికి కఠినశ్రమ తగదనియు, మెల్లగ నడచుట మేలనియు బోధించెను. నొప్పి రాకుండగనే ముక్కవలదనియు వారించెను. ఈ బోధలయందు తల్లి శ్రమను తగ్గింపవలయునను తలంపే కనబడుచున్నది గాని, శ్రమను పెంచుట పుణ్యమను మాట లేదు.

పాశ్చాత్యదేశములలోను ఈ తగవు జరిగినది. 1847 జనవరిలో ఎడింబరో నగరమున జేమ్సు యంగ్ సింప్సన్ అను వైద్యుడు ప్రసవసమయమున ఈథరును, ఆ యేడే నవంబరులో క్లోరోఫారమును ప్రయోగించెను. ప్రసవవేదన దైవనిర్ణయమనియు, దానిని తొలగింపరాదనియు అచ్చటను కొందఱాక్షేపించిరి. 1853లో విక్టోరియా రాణి తన యెనిమిదవ కాన్పున జాన్ స్నో అను వైద్యునిచేత క్లోరోఫారము నిప్పించుకొనెను. రాణియే పుచ్చుకొనుటచే ఆ పద్ధతికి లోకమున మన్నన కలిగెను.

మన తెలుగునాటికిని ఈ చరిత్రలో పాలు కలదు. క్లోరోఫారము క్షేమమా కాదా యని పరీక్షించుటకై 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున నిజాము ప్రభువు ద్రవ్యసహాయముతో రెండు విచారణసంఘములు పనిచేసినవి. 1889లోనే హైదరాబాదు వైద్యపాఠశాలయందు చదువు ముగించిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారము నిచ్చుటయందు నిపుణురాలై, లోకములోని తొలి మహిళా మత్తువైద్యులలో నొకరుగా పేరొందెను.

నాటి మందులు మోతాదు మీరినచో తల్లికి స్పృహ తప్పించెడివి, బిడ్డకును సోకెడివి. నేటి నడుముసూది దారి వేఱు. 1921లో స్పెయిను దేశపు సైనికవైద్యుడగు ఫిదెల్ పాజెస్ నడుము భాగమున ఈ మార్గముగ మందునిచ్చు విధానమును వర్ణించెను. 1947లో క్యూబా దేశమందలి హవానా నగరమున మాన్యుయెల్ మార్టినెజ్ కుర్బెలో ఆ చోటున సన్నని గొట్టమును నిలిపి, మందును విడతలుగ నిచ్చు పద్ధతిని చూపెను. నేటి పద్ధతికి ఈ రెండును పునాదులు.

అది పనిచేయు తీరిది. వెన్నుపామును కప్పియుంచు పొరకు వెలుపల ఇఱుకైన చోటొకటి కలదు. గర్భాశయపు నొప్పిని మోసికొనిపోవు నరములు ఆ చోటు దాటియే వెన్నుపామును చేరును. మత్తువైద్యుడు తల్లిని వంగి కూర్చుండబెట్టి గాని, ప్రక్కకు తిప్పి పరుండబెట్టి గాని, నడుమువద్ద చర్మమునకు తిమ్మిరిమందు నిచ్చి, సూదితో ఆ చోటును కనుగొనును. ఆ సూదిగుండ దారమువంటి గొట్టమును జొనిపి, సూదిని తీసివేయును. ఒంటిలో నిలిచియుండునది మెత్తని గొట్టమే గాని సూది కాదు. పెద్దవారిలో వెన్నుపాము నడుముయొక్క మొదటి రెండు పూసల దగ్గరనే ముగియును. సూది గ్రుచ్చునది సాధారణముగ దానికి దిగువన. బ్యూపివకైన్ వంటి తిమ్మిరిమందును మిక్కిలి పలుచనచేసి, కొంచెము ఫెంటానిల్ కలిపి గొట్టముద్వారా పంపుదురు. సుమారు 15, 20 నిమిషములలో నొప్పి తగ్గుముఖము పట్టును. తల్లి మెలకువతోనే యుండును. బిడ్డ తొలి యేడుపు చెవులార వినగలుగును. ఒకవేళ ఆపరేషను అవసరమైనచో, పలుమారులు అదే గొట్టముగుండ గట్టి మందు నిచ్చి పని నెరవేర్తురు.

ఇంత మేలునకు వెల లేకపోలేదు. 2018లో కాక్రేన్ సంస్థ 40 పరిశోధనలను, 11,000 మందికి మించిన స్త్రీల కాన్పులను సమీక్షించి ఫలితములను ప్రకటించినది. నడుముసూది తీసికొనినవారికి కాన్పు కొంత ఆలస్యమగును. రక్తపుపోటు పడిపోవుట, జ్వరము, కాళ్లు బరువెక్కుట, మూత్రము బిగబట్టుట మిక్కుటముగ కనబడినవి. బిడ్డను వాక్యూముతోగాని, ఫోర్సెప్సుతోగాని తీయవలసివచ్చుట మొత్తము లెక్కలో హెచ్చుగనే యున్నది. కాని 2005 తరువాతి పరిశోధనలను మాత్రము చూచినచో ఆ హెచ్చు కనబడలేదు. నేడు మందును పలుచనచేసి యిచ్చుట దీనికి కారణము కావచ్చునని తలంచుచున్నారు.

మన ఇండ్లలో మిక్కిలి వినవచ్చు భయములు రెండు. సూది పడినచో జన్మమంతయు నడుమునొప్పి తప్పదనునది మొదటిది. సూది పడినచో ఆపరేషనే గతియనునది రెండవది. పై సమీక్షలో ఈ రెండింటికిని ఆధారము లభింపలేదు. సూది గ్రుచ్చినచోట కొన్ని దినములు సలుపు ఉండవచ్చును. కాని కాన్పు తరువాత దీర్ఘకాలము నడుము నొప్పి పడు స్త్రీలు సూది తీసికొననివారిలోను అంతమందియే యున్నారు. బిడ్డ నెత్తుకొనుట, వంగి పాలిచ్చుట, మోసిన నెలల భారము, ఇవియన్నియు నడుమును బాధించునవే గదా!

నిజముగ తలంపవలసిన అపాయములు వేఱు. బ్రిటను దేశపు ప్రసూతి మత్తువైద్యుల సంఘము తల్లులకొఱకు తేటగ లెక్కలు వ్రాసి యిచ్చినది. దానిప్రకారము 8 మందిలో ఒకరికి సూది చాలినంతగ పనిచేయక వేఱు ఉపాయము కావలసివచ్చును. 50 మందిలో ఒకరికి రక్తపుపోటు మిక్కిలి పడిపోవును. 100 మందిలో ఒకరికి పొర చిల్లిపడి తీవ్రమైన తలనొప్పి వచ్చును; దానికి చికిత్స కలదు. నరము దెబ్బతిని ఆఱు నెలలకు మించి తిమ్మిరియో, బలహీనతయో మిగులుట 13,000 మందిలో ఒకరికి. ఈ యంకెలను చూచి వెఱవను వద్దు, విస్మరింపను వద్దు.

అందఱికిని ఈ సూది తగదు. రక్తము గడ్డకట్టు గుణము లోపించినవారికి, ప్లేట్‌లెట్లు మిక్కిలి తగ్గినవారికి, రక్తము పలుచనచేయు మందులు వాడుచున్నవారికి, సూది గ్రుచ్చుచోట చీము పట్టినవారికి వైద్యులు సాధారణముగ దీనిని నిరాకరింతురు. రక్తపుపోటు హెచ్చిన కొందఱు తల్లులకు, కవలలను మోయువారికి ఇది మేలు చేయునని వారే సలహా యిచ్చుటయు కలదు. సూది వలదనుకొనువారు నిరుపాయలు కారు. నడచుట, గోరువెచ్చని నీరు, నడుము మర్దనము, నిదానముగ శ్వాస విడుచుట, అన్నిటికిని మించి నమ్మకమైన ఆడుతోడు చెంతనుండుట బాధను ఓర్చుకొను శక్తి నిచ్చును. కొన్ని ఆసుపత్రులలో పీల్చుటకు నైట్రస్ ఆక్సైడు వాయువును, నొప్పి తగ్గించు ఇతర ఇంజెక్షనులను ఇత్తురు.

ఇచ్చట మన నాటి సంగతి యొకటి చెప్పక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశము మొత్తముమీద నూటికి 21.5 కాన్పులు ఆపరేషనుతో జరిగినట్లు తేలగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 అట్లు జరిగినవి. దీనికి కారణములు పెక్కు. ముహూర్తము పెట్టించుట యొకటి, ఆసుపత్రుల తీరొకటి, నొప్పికి వెఱచి "కోసి తీసేయండి డాక్టరుగారూ" అని వేడుకొనుట యొకటి. ఆపరేషను అవసరమైనచోట ప్రాణదానమే, సందేహము లేదు. కాని అవసరము లేనిచోట అది నొప్పి లేని కాన్పు కాదు. బిడ్డ పుట్టకముందు పడవలసిన నొప్పిని పుట్టిన పిదప కుట్లతో పడుటయే యగును. మీదుమిక్కిలి తరువాతి గర్భమునకు పాత మచ్చవలన చిక్కులు రావచ్చును. నొప్పి భరింపలేనను భయమొక్కటే కారణమైనచో, ఆపరేషను నడుగకముందు నడుముసూదిని గూర్చి అడిగి తెలిసికొనుట వివేకము.

ఇక నిర్ణయ మెవరిది? 2008 జనవరిలో సుప్రీం కోర్టు ఒక తీర్పునందు, వయస్సు వచ్చి తెలివి గలిగిన స్త్రీకి చేయు చికిత్సకు ఆమె సమ్మతియే కావలయుననియు, ప్రాణాపాయము లేనిచోట, మత్తులోనున్న కుమార్తె పక్షమున తల్లి యిచ్చిన సమ్మతి చాలదనియు నిర్ణయించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థయు 2018లో, ఆరోగ్యవతియైన గర్భిణి నొప్పి తగ్గింపుమని కోరినచో ఎపిడ్యూరల్ ఇయ్యవచ్చునని సిఫారసు చేసినది. అందు "కోరినచో" అను మాటయే ప్రధానము. భర్త సంతకము, అత్తగారి యంగీకారము గౌరవింపదగినవే. కాని అవి ఆమె మాటకు తోడు కావలయును గాని, ఆమె మాటకు మాఱు కారాదు.

పరీక్షగదిలో కూర్చుండిన పిదప పుస్తకము తెఱచిన లాభమేమి యని మా యింటివారు బడిపిల్లలతో అనుచుందురు. పురుటిగదికిని ఆ మాట వర్తించును. నొప్పులు ముమ్మరమైన వేళ, ఏడ్చుచున్న పిల్ల ముందు కాగితము పెట్టి మంచి చెడ్డలు విచారింపుమనుట న్యాయము కాదు. ఎనిమిదవ నెలలోనే వైద్యురాలిని అడిగి తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు. ఈ ఆసుపత్రిలో రాత్రింబగళ్లు మత్తువైద్యుడుండునా, లేక పిలువనంపవలయునా? సూది యిచ్చిన పిదప తల్లి రక్తపుపోటును, బిడ్డ గుండెచప్పుడును చూచుచుండువా రెవరు? నా రక్తపరీక్షలనుబట్టి ఈ సూది నాకు తగునా? దీనికి విడిగ రుసుమెంత? నాతోకూడ ఆడుతోడును లోనికి రానిత్తురా? వీనికి తిన్నని సమాధానము లేనిచోట, అందును మత్తువైద్యుడు అందుబాటులో లేనిచోట, నడుముసూదిని కోరకుండుటయే క్షేమము.

నిర్ణయించుకొనిన పిదప మనసు మాఱుటయు తప్పు కాదు. వద్దనుకొనిన పిల్ల నొప్పి తాళలేక కావలయుననవచ్చును. కావలయుననుకొనిన పిల్ల ఓర్చుకొనగలిగి మానుకొనవచ్చును. గర్భాశయముఖము ఇన్ని సెంటీమీటర్లు తెఱచుకొనువఱకు ఆగవలయునను పాత నియమమును నేటి వైద్యులు పాటింపనక్కఱలేదనుచున్నారు. అయినను బిడ్డ దిగివచ్చు వేళ అడిగినచో మందు పనిచేయుటకు వ్యవధి చాలకపోవచ్చును గనుక, కావలయునని తోచినచో మొగమాటపడక ముందే చెప్పవలయును.

సోదరీమణులారా! నొప్పులన్నిటిని ఓర్చి కన్న తల్లి ధీరురాలే. సూది తీసికొని కన్న తల్లియు ధీరురాలే. ఆపరేషను బల్లమీద పరుండి కన్న తల్లియు ధీరురాలే. మమకారము నొప్పి కొలతనుబట్టి పుట్టునది కాదు. ఆపరేషనుతో పుట్టిన బిడ్డలను కంటికి ఱెప్పవలె పెంచుకొను తల్లులు మన యిండ్లలో నెందఱు లేరు? కావున పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడుపిల్లను "ఏం చేయిస్తావు?" అని అడుగుటకు ముందు "ఏం తెలుసుకున్నావమ్మా?" అని అడుగుదము. ఆమె తెలిసికొని చెప్పిన మాట ఏదైనను, దాని ననుసరించి ఆమె చెంత నిలుచుట మన పని.