కణకేంద్రకమునందు వైరసు డి.ఎన్.ఏ. నిలుచు విధము

జలుబు కలిగించు వైరసు శరీరమున ప్రవేశించి, కొన్ని దినము లుండి తొలగిపోవును. మరికొన్ని వైరసులు అట్లు కాక ఏండ్ల తరబడి, ఒక్కొక్కప్పుడు జీవితాంతము, మన కణములయందే నివసించును. కణములు విభజన పొంది క్రొత్తవి పుట్టుచుండగా ఇవి జారిపోక నిలుచుట యెట్లు? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞుల కుతూహలమునకు మాత్రమే సంబంధించినది కాదు. మన యిండ్లలోని ఆడుబిడ్డల ఆరోగ్యముతో ముడివడినది. అందుచే దీనిని చదువరులకు వివరించుట యుచితమని తలంచితిని.

మానవకణముయొక్క కేంద్రకమున 46 క్రోమోసోములు కలవు. వానిలోని డి.ఎన్.ఏ. పోగుల నన్నింటిని సాగదీసి వరుసగా కూర్చినచో సుమారు 2 మీటర్ల పొడవగును. ఈ పోగు, కదురునకు నూలు చుట్టినట్లు, హిస్టోనులను ప్రోటీనులపై చుట్టుకొని యుండును. కణము విభజన పొందునపుడు కేంద్రకపు పొర విచ్చిపోవును. జంటలైన క్రోమోసోములను సన్నని కండె పోగులు ఇరువైపులకు లాగును. పిదప ఒక్కొక్క రాశిచుట్టును క్రొత్త పొర యేర్పడును. కండె పోగులకు పట్టు దొరకుటకై ప్రతి క్రోమోసోమునందును సెంట్రోమియరు అను స్థానము గలదు. వైరసు డి.ఎన్.ఏ.కు అట్టి స్థానము లేదు. కనుక అది విడిగా నుండినచో క్రొత్త కేంద్రకమునకు వెలుపలనే మిగిలి నశింపవచ్చును.

ఈ చిక్కునుండి బయటపడుటకు కొన్ని వైరసులు అవలంబించు ఉపాయము మిక్కిలి సులభమైనది. గోదావరిలో పెద్దపడవకు త్రాటితో కట్టిన చిన్నదోనె తెడ్డు లేకయే ఆవలిగట్టు చేరును గదా! అట్లే వైరసు డి.ఎన్.ఏ. క్రోమోసోమునకు కట్టుబడి దానివెంట క్రొత్తకణమున ప్రవేశించును. త్రాటి పని చేయునది వైరసు తానే చేయించుకొను ఒక ప్రోటీను. దాని ఒక కొన వైరసు డి.ఎన్.ఏ.ను, వేరొక కొన క్రోమోసోమును పట్టుకొనును.

ఇందుకు చక్కని ఉదాహరణము పాపిలోమా వైరసు. దీని డి.ఎన్.ఏ. సుమారు 8,000 క్షారజతలు గల చిన్న వలయము. దీని త్రాటికి ఇ–2 ప్రోటీను అని పేరు. పశువులకు సోకు పాపిలోమా వైరసునందు ఈ ప్రోటీను, క్రోమోసోములపై నుండు బి.ఆర్.డి.–4 అను కణప్రోటీనును పట్టుకొనునని 2004లో వెల్లడియైనది. ఈ జాతి వైరసులన్నియు ఒకే చోటును పట్టవు. త్రాడొకటే యైనను ముడి వేయు చోటు రకమును బట్టి మారును.

1964లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ అను మువ్వురు, ఆఫ్రికా బాలురకు వచ్చు బర్కిట్ కంతి కణములలో కనుగొనిన వైరసు మరియొక ఉదాహరణము. దీని డి.ఎన్.ఏ. సుమారు 1,72,000 క్షారజతల పొడవు. ఇందు సుమారు 20 మారులు వరుసగా వచ్చు ఒక చిన్న భాగమును ఎబ్నా–1 అను ప్రోటీను పట్టుకొని, ఆ వలయమును క్రోమోసోమునకు తగిలించును. 1994లో చాంగ్, మూర్ దంపతులు కనుగొనిన కపోసీ కంతి వైరసున ఈ పని చేయునది లానా అను ప్రోటీను. అది నేరుగా హిస్టోనులనే పట్టుకొనునని 2006లో తేలినది.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. కట్టుబడుట వేరు, కలిసిపోవుట వేరు. పాపిలోమా వలయము క్రోమోసోమునకు కట్టుబడి యున్నంతకాలము ఇ–2 ప్రోటీను, వైరసుయొక్క ఇ–6, ఇ–7 జన్యువులను అదుపులో నుంచును. ఒక్కొక్కప్పుడు ఆ వలయము తెగి క్రోమోసోములోనే అతుకుకొనును. అప్పుడు తరచుగా ఇ–2 జన్యువు చెడిపోవును. అదుపు తప్పిన ఇ–6, ఇ–7 ప్రోటీనులు, కణవృద్ధిని నిగ్రహించు పి–53, ఆర్.బి. అను రక్షకప్రోటీనులను నిర్వీర్య మొనర్చును. గర్భాశయ ముఖమున కాన్సరు పుట్టుటకు ఇది ముఖ్యమార్గము. ఈ కాన్సరునకు పాపిలోమా వైరసు కారణమని చూపిన హెరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది.

అయినను భయపడ పనిలేదు. ఈ వైరసు సోకినవారిలో అత్యధికులు రెండేండ్లలో తమ దేహరక్షణశక్తిచేతనే దానిని వదల్చుకొందురు. వదలక నిలిచినచోటనే అపాయము. అదియు సాధారణముగా 15–20 ఏండ్లకు గాని కాన్సరు కాదు. 2022 లెక్కల అంచనా ప్రకారము మన దేశమున ఆ యేడు 1,20,000కు పైగా స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా వచ్చినది.

2006 నుండి వాడుకలో నున్న టీకా వైరసు పైచిప్పను పోలిన ప్రోటీనులతో చేయబడినది. అందు వైరసు డి.ఎన్.ఏ. లేదు, కనుక కేంద్రకమున ముడిపడుటకు అందేమియు లేదు. అది దేహమునకు శత్రువు రూపును ముందుగా చూపి, వైరసును కణముచేరక మునుపే అడ్డుకొనును. కాని కేంద్రకమున ఇదివరకే ముడిపడిన డి.ఎన్.ఏ.ను విప్పుటకు ఆ టీకాకు శక్తి లేదు. ముడి పడక ముందే, అనగా 9–14 ఏండ్ల ప్రాయముననే, బాలికలకు టీకా వేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుటకు కారణ మిదియే. టీకా వేయించుకొన్నను, లేకున్నను, 30 ఏండ్లు దాటిన స్త్రీలు వైద్యుల సలహా ననుసరించి పరీక్ష చేయించుకొనుట యవసరము. చెడు మొదలైన కణములను కాన్సరు కాకమునుపే గుర్తించి తీసివేయవచ్చును.

మనము ఏ రాష్ట్రమున స్థిరపడినను, ఆడుబిడ్డకు చదువు చెప్పించుట యెంత ముఖ్యమో సకాలమున ఈ రక్షణ కల్పించుటయు నంత ముఖ్యము. సూక్ష్మదర్శినికైనను సులభముగా కానరాని ఆ చిన్నముడిని గూర్చిన జ్ఞానము మన కుటుంబములకు ఉపకరించుగాక!