తన పని తానే

డెన్మార్కు దేశపు తూర్పు జట్లండు తీరమున ఫ్రెడరిసియా యను పట్టణము కలదు. ఆ దేశమున వృద్ధుల గృహసేవ పురపాలక సంఘముల బాధ్యత. ఇల్లు తుడుచుటకును, స్నానము చేయించుటకును, వాచిన కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడుగుటకును పరిచారకులు ఇంటికే వత్తురు. ఇందు లోపమేమని మీరడుగవచ్చును. ఒకరు మేజోళ్లు తొడుగుచున్న కొలది నడుము వంగుట మరచును. కాళ్లు బలము తప్పును. నేటి చిన్న సాయము రేపు పెద్దదగును.

2008లో ఆ పురపాలక సంఘము ఈ పద్ధతిని మార్చెను. సాయము కోరినవారిని, ఏ పని మరల తామే చేసికొనగోరుచున్నారో మొదట అడుగసాగిరి. వ్యాయామ చికిత్సకులు ఇంటికే వచ్చి కొన్ని వారములు ఆ పనినే అభ్యాసము చేయింతురు. మెట్లెక్కుట కావచ్చును, కూర వండుకొనుట కావచ్చును. పరిచారిక చేతులు వెనుకకు పెట్టుకొని చూచుచుండవలెను. చేసిపెట్టుటకంటె ఇది కష్టము! ఒక బొత్తాము పెట్టుకొనుటకు పది నిమిషములు పట్టినను ఓర్చుకొనవలెను గదా.

వ్యయము తగ్గించుటకే ఈ యేర్పాటని సందేహించువారు లేకపోలేదు. ఆ సందేహము కొట్టివేయదగినది కాదు. ఎంత అభ్యసించినను కోలుకొనలేనివారికి ఆసరా తప్పక యుండవలెను. 2015లో డెన్మార్కు చట్టము, కోలుకొనగల వారికి దేశమంతట మొదట ఈ శిక్షణము నీయవలెనని విధించినది. పిదప మిగిలిన లోటునకు గృహసేవ లభించెడిది.