ఈకల ఈగ, చన్నీళ్ల చేప

అనకాపల్లికి దగ్గర్లోని కొండకర్ల ఆవలో తాటి దోనెల మీద తిరిగే జాలర్లను చూసినవాళ్లకు గాలం గురించి చెప్పేదేముంది? వానపామునో చిన్న కప్పనో గుచ్చితే కొర్రమీను నోరు తెరుస్తుంది. కానీ గాలానికి తినేదేదీ పెట్టకుండా, నాలుగు ఈకపోగులు, కాస్త దారం చుట్టి చేపను బురిడీ కొట్టించే వేట ఒకటుంది. అదే ఫ్లై ఫిషింగ్.

మామూలు గాలంలో ఎర బరువే తాడును దూరంగా లాక్కెళ్తుంది. ఇక్కడ ఆ ఉత్తుత్తి ఈగకు బరువుండదు, బరువంతా తాడుదే. సాగే కర్రతో దాన్ని వెనక్కీ ముందుకీ ఝళిపించి, నిజం పురుగు వాలినంత మెత్తగా ఈగను నీటిమీదికి దించాలి. చప్పుడైతే చేప మాయం! మాసిడోనియావాళ్లు గాలానికి ఎర్ర ఉన్ని, ఈకలు చుట్టి మచ్చల చేపల్ని పడతారని ఏలియన్ అనే రోమన్ రచయిత సుమారు 1800 ఏళ్ల కిందటే రాశాడు.

ఈ వేటకు పేరుపడ్డ చేప బ్రౌన్ ట్రౌట్. పుట్టిల్లు యూరప్. నీరు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, 25 దాటితే ప్రాణానికే ముప్పు. లంబసింగిలో చలి ఉందిగా అంటారేమో. శీతకాలపు తెల్లవారుజాముల వణుకు చాలదు, ఎండాకాలంలోనూ నీళ్లు చల్లగానే ఉండాలి. మన కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చి బురదనీటిలోనూ నెట్టుకొస్తుంది. ట్రౌట్‌కు ఆ వీలు లేదు.

ట్రౌట్‌ను దక్షిణాదికి తెచ్చే ప్రయత్నాలు జరగకపోలేదు. 1860లలో మద్రాసు సైన్యపు వైద్యుడు ఫ్రాన్సిస్ డే ట్రౌట్ గుడ్లను నీలగిరులకు తెప్పించాడు. ఆ గుడ్లు దక్కలేదు. తర్వాత నీలగిరుల్లో నిలదొక్కుకున్నది రెయిన్‌బో ట్రౌట్. బ్రౌన్ ట్రౌట్‌కు మాత్రం 1900 ప్రాంతంలో కశ్మీర్ ఇల్లయింది. సోనమర్గ్ నుంచి నిచ్నయ్ కనుమ దాటితే, 3,500 మీటర్లకు పైనున్న విషన్‌సర్, కిషన్‌సర్ సరస్సుల్లో ఇప్పటికీ అది ఈదుతోంది. దారి నడకే.

ఇంత ముచ్చటైన చేప మన మన్యంలోనూ ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తే, ఆ కోరిక మానుకోవడం మేలు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి జీవుల జాబితాలో బ్రౌన్ ట్రౌట్ పేరుంది. కొత్తచోట అది స్థానిక చేపల తిండినీ, పిల్లల్నీ కూడా వదలదు.

వేట సరదా ఉన్నవాళ్లు కశ్మీరే వెళ్లాలి. గాలం వేయడానికి అక్కడి మత్స్యశాఖ పర్మిట్ తప్పనిసరి. కొండెక్కాక దొరకదు కాబట్టి ముందే తీసుకోండి.