గోధుమ అంగడిది, రాగి మన చేనిది

ఈ మధ్య మా సంఘం సమావేశంలో చపాతీలు వడ్డిస్తుంటే ఒక పిల్లవాడు, "తాతా, దేవనహళ్ళిలో గోధుమ చేలు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. "లేవు నాయనా, ఇది రాగుల సీమ" అన్నాను. కారణం మిగతా పిల్లలకూ తెలియాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

గోధుమకు చలి కావాలి, నాలుగైదు తడుల నీళ్ళు కావాలి. మన ఎర్రనేలలకు కాలువలు లేవు, వానే దిక్కు. రాగి ఆ వానతోనే పండుతుంది, కొన్నాళ్ళు వాన మొహం చాటేసినా తట్టుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో విత్తితే నవంబరు, డిసెంబరుల్లో కోతకు వస్తుంది. సాళ్ళ మధ్య అనుములు వేస్తే ఇంటికి పితికిపప్పు దొరుకుతుంది. గడ్డి పశువులకు మేత. గింజకు పురుగు అంత తొందరగా పట్టదు కనుక, పెద్దలు పాతరలో పోసి ఏళ్ళ తరబడి దాచేవారు. కరువు వస్తే అదే ఆదుకునేది.

గోధుమపిండిలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది కాబట్టి చపాతీ సాగుతుంది. రాగిలో అది లేదు. అందుకే ఎసట్లో ఉడికించి, తెడ్డుతో కెలికి ముద్ద చేస్తాం. సీమవాళ్ళకు అది సంకటి, కన్నడిగులకు ముద్దె. రాగులనే ఉత్తరాంధ్రలో చోళ్ళు అని, తెలంగాణలో తైదలు అని అంటారు. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, గోధుమలో అందులో ఆరోవంతు కూడా ఉండదు.

కర్ణాటకలోనే శాస్త్రవేత్త లక్ష్మణయ్యగారు మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరపరచి, దిగుబడి పెంచే 'ఇండాఫ్' రకాలు తెచ్చారు. ఇండియా, ఆఫ్రికా పేర్లు కలిపితే వచ్చిన పేరది.

విత్తనం మెరుగైంది సరే, విత్తడానికి నేల ఉండాలి కదా. 2008లో ఇక్కడ విమానాశ్రయం మొదలయ్యాక భూమికి గిరాకీ పెరిగింది. చన్నరాయపట్న హోబళిలో 13 ఊళ్ళకు చెందిన 1,777 ఎకరాలను పరిశ్రమలకు తీసుకోవాలని ప్రభుత్వం తలపెడితే, రైతులు మూడేళ్ళకు పైగా ధర్నా చేశారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణను విరమిస్తున్నట్టు ప్రకటించారు. ఈ తాలూకా పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలూ ఉన్నాయి. ఇది మన ఇంటి సంగతి కూడా.

చపాతీ మానమని నేను అనను. వారానికి రెండు పూటలు సంకటి వండండి, రాగులు వీలైతే ఊరి రైతు దగ్గరే కొనండి. పంటకు గిట్టుబాటు ఉంటేనే రైతు చేను నిలుపుకుంటాడు. చేను నిలిస్తేనే రేపు ఆ పిల్లవాడికి రాగి వెన్ను చూపించగలం.