వెండితెర వెనుక రెండు తూనికలు

చిత్రనిర్మాణము ప్రారంభమగు నాటి ఉదయమున హైదరాబాదు స్టూడియోలలో కనబడు దృశ్యము వెలుపలివారికి వింతగా తోచవచ్చును. దేవుని పటములకు పూలమాలలు వేసి, కెమెరాకు పసుపు కుంకుమలు అద్ది, పంచాంగము చూచి పెట్టిన ముహూర్తమునకు ఒక పెద్దమనిషి క్లాప్ కొట్టగా, వేరొకరు కెమెరా స్విచ్చాన్ చేయగా, తొలి షాటును ఆ పటముల మీదనే తీయుదురు. కొబ్బరికాయతో మొదలైన ఆ పని కడపటి దినమున గుమ్మడికాయ కొట్టుటతో ముగియును. కోట్ల రూపాయల భవితవ్యము ఒక్క శుక్రవారముపై ఆధారపడిన వ్యాపారమున మనుష్యులు దైవమును తోడు పిలుచుకొనుట నాకెన్నడును తప్పుగా తోచలేదు. పైగా ఆ పూజలో లైట్‌బాయ్ నుదుటను, కథానాయకుని నుదుటను పెట్టెడు కుంకుమ ఒక్కటే. నన్ను కలతపెట్టునది వేరొక ఆచారము. దానిని ఎవరును పైకి చెప్పరు, అందరును పాటింతురు. పురుషునకు ఒక కొలత, స్త్రీకి మరియొక కొలత అనునదియే ఆ ఆచారము.

1955లో విడుదలైన విజయావారి 'మిస్సమ్మ'లో నాయికగా మొదట ఎంపికైనది భానుమతి. కొంతభాగము చిత్రీకరించిన పిమ్మట ఒకనాడు వరలక్ష్మీ వ్రతము కారణముగా ఆమె షూటింగునకు ఆలస్యముగా వచ్చెననియు, ముందుగా పంపిన కబురు నిర్మాత చక్రపాణిగారికి చేరకపోగా ఆయన క్షమాపణ పత్రము కోరెననియు, ఆమె వ్రాయ నిరాకరింపగా తీసిన రీళ్లను తగులబెట్టి ఆ పాత్రను సావిత్రికిచ్చిరనియు సినీరంగమున నేటికిని చెప్పుకొందురు. భానుమతి అప్పటికే 1953లో 'చండీరాణి'ని మూడు భాషలలో స్వీయ దర్శకత్వమున తీసిన ప్రజ్ఞాశాలిని. వేళ పాటింపవలెనను నియమము ఉత్తమమైనదే. చక్రపాణిగారి వంటి నిష్ఠగల నిర్మాతను నేను తప్పుపట్టబోను. కాని తెల్లవారకముందే మేకప్ వేసికొన్న జూనియర్ ఆర్టిస్టులు కూర్చుండగా, మధ్యాహ్నము దాటిన పిమ్మట కారు దిగు కథానాయకుని ఎవరైనను క్షమాపణ పత్రము అడిగిరా? ఆయన ఆలస్యమునకు 'మూడ్' అని పేరు. ఆమె ఆలస్యమునకు 'పొగరు' అని పేరు.

వయస్సు విషయమున ఈ భేదము మరింత స్పష్టముగా బయటపడును. 1951 నాటి 'మల్లీశ్వరి'లో ఎన్.టి. రామారావుగారి సరసన నాయికగా తెలుగువారి హృదయములను దోచుకొన్న భానుమతియే, 1974లో ఆయన దర్శకత్వము వహించిన 'తాతమ్మ కల'లో ఆయనకు నాయనమ్మగా కనిపించెను. నిజజీవితమున ఆమె ఆయనకంటె రెండేండ్లు చిన్నది. ఇటు 1972లో 'బడిపంతులు' చిత్రమున ఆయనకు మనుమరాలిగా నటించిన బాలిక శ్రీదేవి, 1979లో 'వేటగాడు'లో ఆయనకు నాయిక. అప్పటికి ఆయనకు 56 ఏండ్లు. ఆ అమ్మాయికి 16 నిండలేదు. రామారావుగారి నటనా వైభవమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు, ఆ చిత్రమును జనము విరగబడి చూచిన మాటయు వాస్తవమే. అయినను కాలము పురుషుని ముఖమును తాకక స్త్రీ ముఖమును మాత్రమే తాకునట్లు కథలు అల్లుట ఏ ఒక్కరి తప్పో కాదు. దర్శకుడు, పంపిణీదారుడు, టికెట్టు కొన్న మనము, అందరము దానిని సహజమని అంగీకరించితిమి. నేటికిని అరువదేండ్ల కథానాయకుని ప్రక్కన ముప్పది దాటని నాయికను నిలుపుటకు ఎవరును సంకోచింపరు. నలువది దాటిన నటికి వదిన పాత్రయో, తల్లి పాత్రయో సిద్ధముగా ఉండును.

ఇక కంఠము. నాయికను పొరుగు రాష్ట్రములనుండి రప్పించి, ఆమెకు తెలుగు రాదని వేరొకరి గొంతు అతికించుట మన పరిశ్రమలో దశాబ్దములుగా సాగుచున్నది. 1967లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడై అలరించిన రోజారమణి, స్వయముగా గొప్ప నటియైన సరిత, ఎందరో నాయికలకు తమ గొంతులిచ్చిరి. చీకటి గదిలో, అద్దము వెనుక నిలిచి, తెరపై కదలు పరాయి పెదవులను కనురెప్ప వేయక చూచుచు, ఆ పెదవి మూతపడు క్షణముననే మాట ముగించి, ఏడ్పులో ఊపిరి తెగుటను, నవ్వులో గొంతు జీరను సైతము సరిపోల్చు ఆ విద్యను నేను నటనకంటె తక్కువదని అనలేను. నంది పురస్కారములలో డబ్బింగు కళాకారులకు స్థానము కల్పించుట ప్రభుత్వము చేసిన మంచిపని. ప్రేక్షకునికి మాత్రము ఆ గొంతు ఎవరిదో సాధారణముగా తెలియదు. కథానాయకుని కంఠము ఆయన సొత్తు, ఆయన కీర్తిలో భాగము. నాయిక విషయమున ముఖము ఒకరిది, మాట మరొకరిది, ఇద్దరును సగము సగము మనుష్యులే.

కూలి విషయమునను రెండు తూనికలే, ఇచట తారకు ఒకటి, కార్మికునికి మరియొకటి. 2025 ఆగస్టులో 30 శాతము వేతనము పెంపవలెనని కార్మికులు సమ్మె చేయగా రెండు వారములకు పైగా షూటింగులు నిలిచిపోయినవి. బడ్జెట్టు భరింపదను మాట, సినీకార్మికులు నివసించు కృష్ణానగరు జీతగాని దగ్గర వినబడినంత బిగ్గరగా కథానాయకుని పారితోషికము దగ్గర వినబడదు.

2018లో ఒక నటి అవకాశముల పేరిట జరుగు దోపిడిని గూర్చి ఫిలిం ఛాంబరు ఎదుట నిరసన తెలిపినప్పుడు, కళాకారుల సంఘము మొదట చేసినది విచారణ కాదు. ఆమెకు సభ్యత్వము ఇయ్యబోమనుట, తమ సభ్యులెవరును ఆమెతో నటింపరనుట. లోకము నిలదీసిన పిమ్మట ఆ నిషేధము తొలగినది. ఆ తరువాత తెలంగాణ ప్రభుత్వము సినీరంగమున స్త్రీలపై వేధింపులను పరిశీలించుటకు ఒక కమిటీని నియమించెను. దాని ఉపసంఘము 2022లో నివేదిక సమర్పించెను. 2024 ఆగస్టులో కేరళమున మలయాళ చిత్రపరిశ్రమలోని స్త్రీల స్థితిపై హేమ కమిటీ నివేదిక వెలువడినప్పుడు తెలుగు నటీమణులు తమ నివేదికనుకూడ బహిర్గతము చేయుడని కోరిరి. బాధితుల పేర్లు కప్పి దానిని ప్రచురింపవచ్చును. కేరళము చేసి చూపినది. అంతవరకు వేచియుండనవసరము లేని పనియు ఒకటి కలదు. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించుటకు చేసిన 2013 నాటి చట్టము పదిమంది లేక అంతకుమించి పనిచేయు ప్రతి చోటను అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండవలెనని విధించుచున్నది. షూటింగు సమయమును, స్థలమును తెలుపుచు ప్రొడక్షన్ మేనేజరు ప్రతిరాత్రి పంపు సందేశములోనే ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు చేర్చి, కథానాయిక మొదలు జూనియర్ ఆర్టిస్టు వరకు ప్రతి స్త్రీకిని చేరవేయుటకు నిర్మాతకు పైసా ఖర్చు లేదు.