కుక్కలకు, పిల్లులకు ఫిట్స్ ఎందుకు వస్తాయి?

మెదడులోని నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనాలకూ అదుపుచేసే రసాయనాలకూ మధ్య సమతుల్యం తప్పినప్పుడు, అసంఖ్యాక కణాలు ఒక్కసారిగా విద్యుత్ సంకేతాలు వెలువరించడంతో జంతువు పడిపోయి కాళ్లు కొట్టుకుంటుంది. దీన్ని ఫిట్స్ అనీ, అవి మళ్లీ మళ్లీ వచ్చే మెదడు వ్యాధిని మూర్ఛ అనీ అంటారు. కుక్కల్లో వేరే కారణం కనిపించని, తరచు వంశపారంపర్యంగా వచ్చే మూర్ఛ సాధారణంగా 6 నెలల నుంచి 6 ఏళ్ల వయసులో మొదలవుతుంది. పిల్లుల విషయంలో ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది: కుక్కలపై గోమార్లను చంపేందుకు వాడే పెర్మెత్రిన్ మందును విచ్ఛిన్నం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కనుక, దాన్ని పూస్తే ప్రాణాంతకమైన ఫిట్స్ రావచ్చు. ఫిట్స్ వచ్చిన జంతువు నాలుక మింగదు, కానీ తెలియకుండానే కరవగలదు. అందువల్ల నోట్లో చేయి పెట్టకుండా, చుట్టూ ఉన్న వస్తువులు తొలగించి గడియారం చూడాలి, 5 నిమిషాలు దాటితే వెంటనే పశువైద్యుని వద్దకు చేర్చాలి.