కొత్త అక్వేరియంలో చేపలు వారానికే ఎందుకు చచ్చిపోతాయి? మన చంపాపేట్ నీళ్లతో మొదలుపెడదాం

ఇవాళ్టి ఎపిసోడ్ ఇంట్లో పెట్టుకునే అక్వేరియం గురించి. సముద్రపు చేపల జోలికి వెళ్లట్లేదు, మామూలు మంచినీటి చేపల గురించే.

దిల్‌సుఖ్‌నగర్ వైపు ఏ అక్వేరియం షాపుకైనా ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి. ఒక ఫ్యామిలీ వస్తుంది. పిల్లలు గోల్డ్ ఫిష్ దగ్గర అతుక్కుపోతారు. ట్యాంకు, రంగురాళ్లు, ఫిల్టర్, ఆరేడు చేపలు, అన్నీ ఒకే బిల్లులో అయిపోతాయి. ఇంటికెళ్లి ట్యాంకు కడుగుతారు, నల్లా నీళ్లు పోస్తారు, గంటలో చేపల్ని వదిలేస్తారు. మూడో రోజో నాలుగో రోజో ఒకటి తేలుతుంది. వారం తిరిగేసరికి సగం పోతాయి. పిల్లలు ఏడుస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? "పోనీలే నాన్నా, మనింటి దిష్టి అది తీసుకుపోయింది" అంటారు. లేదంటే "మనకి చేపలు అచ్చిరావు" అని ట్యాంకుని అటక మీద పెట్టేస్తారు.

దిష్టి సంగతి పక్కన పెడదాం. ఆ చేప ఎందుకు పోయిందో చాలాసార్లు ఒక చిన్న టెస్ట్ కిట్‌తో కళ్లకు కనిపించేలా చూపించొచ్చు. దాని పేరు అమ్మోనియా.

తిన్న చోటే, ఉన్న చోటే

చేప తినేదీ, ఊపిరి పీల్చేదీ, విసర్జించేదీ అన్నీ ఆ నీళ్లలోనే. దాని మొప్పల నుంచి, వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత కుళ్లడం నుంచి అమ్మోనియా వస్తుంది. చెరువులో అయితే బోలెడు నీళ్లుంటాయి, అది పలచబడిపోతుంది. మన ట్యాంకులో యాభై లీటర్లే. అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకోవడం, మొప్పలు ఎర్రబడటం, మూలకి నక్కడం, ఇవన్నీ దాని గుర్తులే.

మరి పాత ట్యాంకుల్లో చేపలు ఏళ్ల తరబడి ఎలా బతుకుతున్నాయి? అక్కడ మనకి కనిపించని పనివాళ్లు ఉన్నారు. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించేస్తుంది. రెండో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల అంత ప్రమాదం లేదు, వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే సరిపోతుంది. దీన్నే నైట్రోజన్ సైకిల్ అంటారు.

అసలు చిక్కు ఏంటంటే, ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కొత్త ట్యాంకులో సరిపడా తయారవ్వడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనమేమో గంటలో చేపల్ని వదిలేస్తున్నాం. మా ఐటీ వాళ్ల భాషలో చెప్పాలంటే, సర్వర్ ఇంకా ఆన్ కాకముందే మొత్తం ట్రాఫిక్‌ని దాని మీదికి తోసినట్టు.

మన నల్లాలో వచ్చేది ఏ నీళ్లు?

యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి మొదలుపెట్టేవాళ్లకి ఇక్కడే తేడా కొడుతుంది. నీళ్లు వాళ్లవి వేరు, మనవి వేరు.

చంపాపేట్ మీదుగా పోయే రోడ్డుని మనం సాగర్ రోడ్ అంటాం కదా. మన వైపు నల్లాల్లోకి వచ్చే కృష్ణా నీళ్లు కూడా ఆ నాగార్జున సాగర్ వైపు నుంచే వస్తాయి. నల్గొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి అయ్యి, చాలా దూరం పైపుల్లో ప్రయాణించి సాహెబ్‌నగర్ రిజర్వాయర్ దాకా వస్తాయి. అంత దూరంలో క్రిములు చేరకుండా ఉండాలంటే క్లోరిన్ కలపాల్సిందే. తాగునీటిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు ప్రమాణం చెబుతుంది. మనకి అది రక్షణ. చేప మొప్పలకి మాత్రం అదే మంట. పైగా మనం కష్టపడి పెంచుకునే బ్యాక్టీరియాని కూడా అది చంపేస్తుంది.

పరిష్కారం కష్టమేం కాదు. బకెట్‌లో నీళ్లు పట్టి ఒక రోజంతా మూత లేకుండా వదిలేయండి. అందులో గాలి పంపు పెడితే ఇంకా మంచిది. అంత టైమ్ లేకపోతే షాపులో యాంటీ క్లోరిన్ అని అమ్ముతారు, సీసా మీద రాసిన కొలత ప్రకారం వేస్తే నిమిషాల్లో పని అయిపోతుంది. చాలా వాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేటే.

ఇక బోరు నీళ్లు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. మన ఏరియాలో చాలా బోర్లలో హార్డ్ వాటర్ వస్తుంది. బకెట్ అంచున తెల్లగా పొర కడుతోందంటే అదే. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, అది ప్లస్. కానీ భూమి లోపల్నుంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి కొన్ని గంటలు గాలి పట్టించి వాడండి. ఇంకో విషయం, నీళ్ల పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే విషంగా పనిచేసే అమ్మోనియా వాటా దాదాపు పది రెట్లు అవుతుంది. అంటే అంతే మురికి, పది రెట్ల దెబ్బ. పక్కవాళ్ల ట్యాంకులో బతికిన చేప మీ ట్యాంకులో ఎందుకు బతకలేదంటే, ఇది ఒక కారణం కావొచ్చు.

"అయితే ఆర్వో నీళ్లు పోస్తే గొడవ లేదు కదా?" అని అడుగుతారు. ఉత్త ఆర్వో నీళ్లు వద్దు. అందులో చేపకీ, బ్యాక్టీరియాకీ కావాల్సిన ఖనిజాలు కూడా పోతాయి, పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్లు మరీ హార్డ్‌గా ఉంటే కొంత ఆర్వో కలపొచ్చు, అంతే. ట్యాంకర్ నీళ్లయితే ఏ వారం ఎక్కడివి వస్తాయో తెలియదు కాబట్టి క్లోరిన్ ఉందనే అనుకుని మందు వేయండి.

చేపల్లేని మొదటి నెల

ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తీసుకోండి. నిండా పోస్తే దాదాపు 54 లీటర్లు, అంటే నీళ్ల బరువే 54 కిలోలు. అద్దం, రాళ్లు అదనం. చెప్పుల స్టాండ్ మీద పెట్టేది కాదు, గట్టి బల్ల కావాలి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు, వారంలో పచ్చగా నాచు పట్టేస్తుంది. గుండ్రటి గాజు గిన్నెలు అసలే వద్దు.

క్లోరిన్ తీసిన నీళ్లు పోసి, ఫిల్టర్ ఆన్ చేయండి. స్పాంజ్ ఫిల్టర్ చాలు, చవకగా దొరుకుతుంది. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది, దాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. ఫ్రెండ్ ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజ్‌లో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే రోజులు బాగా తగ్గుతాయి. పెరుగు తోడు పెట్టడం లాంటిదే ఇది.

టెస్ట్ కిట్‌లో మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది, ఆ తర్వాత రెండూ సున్నాకి వస్తాయి. మేత వేస్తున్నా రెండూ సున్నా దగ్గరే నిలబడి, నైట్రేట్ కనిపిస్తే మీ ట్యాంకు రెడీ. అప్పుడు మూడు నాలుగు చిన్న చేపలతో మొదలుపెట్టి, రెండు వారాల గ్యాప్‌తో మిగతావి తెచ్చుకోండి. కవర్‌ని పావుగంట ట్యాంకులో తేలనిచ్చి, కొద్దికొద్దిగా ట్యాంకు నీళ్లు కలిపి, చేపని మాత్రమే వలతో వదలండి. కవర్‌లోని నీళ్లు లోపల పోయొద్దు.

"అన్నా, ఆల్రెడీ చేపలు వేసేశాం, ఇప్పుడెలా?" అనేవాళ్లకి కూడా దారి ఉంది. రోజు విడిచి రోజు మాత్రమే, అదీ కొంచెమే మేత వేయండి. రోజూ పావు వంతు నీళ్లు, క్లోరిన్ తీసినవి, మార్చండి. నాలుగైదు వారాలు ఒక్క కొత్త చేప కూడా తేవద్దు. చనిపోయినదాని ప్లేస్‌లో వెంటనే ఇంకోటి తేవడం వల్లే ఈ చావులు ఆగవు.

మన నీళ్లకి ఏ చేపలు?

గప్పీ, మోలీ, ప్లాటీ. ఈ మూడూ హార్డ్ వాటర్‌ని ఇష్టపడే చేపలు, బోరు నీళ్ల ఇళ్లకి కరెక్ట్‌గా సరిపోతాయి. పిల్లలు పెడతాయి కాబట్టి సంఖ్య పెరుగుతుందని గుర్తుంచుకోండి. జీబ్రా డానియో మన ఉపఖండం చేపే, గట్టిది, ఆరు కలిపి పెంచండి. ఫైటర్ కావాలంటే మగది ఒక్కటే, కనీసం పదిహేను ఇరవై లీటర్లలో. డిస్కస్ లాంటివి మెత్తటి నీళ్ల చేపలు, మొదట్లోనే వద్దు.

గోల్డ్ ఫిష్ చూడ్డానికి చిన్నది, కానీ అరడుగు దాటి పెరిగే చేప, మురికి కూడా ఎక్కువే చేస్తుంది. రెండడుగుల ట్యాంకుకి అది పెద్ద లోడ్.

వారానికి అరగంట పని

మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. మిగిలిందంటే ఎక్కువ వేసినట్టే. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, అడుగున రాళ్లలో ఉన్న చెత్తని పైపుతో లాగేయండి. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, రాళ్లు సబ్బుతో కడిగి మళ్లీ నింపే పద్ధతి ఒకటి ఉంది చూడండి, అది వద్దు. ఆ కడుగుడుతో బ్యాక్టీరియా చాలావరకు పోయి ట్యాంకు మళ్లీ మొదటికొస్తుంది. ఫిల్టర్ స్పాంజ్‌ని కూడా నల్లా కింద కడగొద్దు. ట్యాంకు నుంచి తీసిన పాత నీళ్లలోనే పిండి పెట్టేయండి.

మే నెలలో మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టలేం. ఆ నీళ్లు నేరుగా పోయొద్దు, పొద్దున్నే పట్టి చల్లారనివ్వండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల వరకు కరిగేది, 30 డిగ్రీలకి ఏడున్నరకి పడిపోతుంది. అందుకే ఎండాకాలం గాలి పంపు రాత్రీ పగలూ నడవాలి. కరెంటు పోతే వాడటానికి బ్యాటరీ పంపు ఒకటి ఉంచుకోండి, కరెంటు వచ్చేదాకా మేత ఆపేయండి. డిసెంబర్, జనవరిలో ఫైటర్, గప్పీ ఉన్న యాభై లీటర్ల ట్యాంకుకి 50 వాట్ల హీటర్ చాలు.

సక్కర్ ఫిష్: కొనేముందు ఒక్క నిమిషం

షాపులో "ఇది వేస్తే ట్యాంకు అదే క్లీన్ చేస్తుంది" అని నల్లటి గరుకు చేపని ఇస్తారు. అది నాచు కొంచెం గీకుతుందే గానీ మిగతా చేపల మలం తినదు. పైగా తన మురికి కూడా కలుపుతుంది. వేలంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు ఏం చేస్తారు? చంపలేక, ఉంచలేక సరూర్‌నగర్ చెరువులోనో ఊళ్లో కుంటలోనో వదిలేస్తారు. పుణ్యం అనుకుంటారు.

అది దక్షిణ అమెరికా చేప. ఒళ్లంతా కవచం, గట్టి ముళ్లు, మన చెరువుల్లో దాన్ని తినేవి తక్కువ. గట్లకి బొరియలు తవ్వుతుంది, మన చేపల మేతకి పోటీ వస్తుంది, జాలర్ల వలలు చింపుతుంది. హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్ఏ ఆనవాళ్లతో వెతికితే, తూర్పు కనుమల ప్రాంతంలో సగానికి పైగా నీటి వనరుల్లో ఈ జాతి కనిపించింది. వల చిరిగిన జాలరికి ఆ రోజు కూలీ పోయినట్టే. మన హాల్లో మొదలైన సరదాకి బిల్లు కట్టేది ఆయన.

కాబట్టి ఏ అక్వేరియం చేపనీ, మొక్కనీ చెరువులో వదలొద్దు. పెంచలేకపోతే షాపుకి తిరిగి ఇచ్చేయండి, చాలామంది తీసుకుంటారు. లేదా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇవ్వండి. ట్యాంకు గోడ మీద నాచు గీకడానికి పాత ఏటీఎం కార్డు చాలు.

ఈ వీకెండ్ కొనడానికి వెళ్తున్నవాళ్లు ట్యాంకు, ఫిల్టర్, యాంటీ క్లోరిన్, టెస్ట్ కిట్ తెచ్చుకోండి. చేపలు మాత్రం వచ్చే నెల. పిల్లలు ఊరుకోరు, నాకు తెలుసు. రోజూ టెస్ట్ ట్యూబ్ రంగు చూసి క్యాలెండర్ మీద రాసే డ్యూటీ వాళ్లకే ఇవ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే ట్యాంకులో మొక్కలు ఎలా పెంచాలో చూద్దాం. అప్పటిదాకా ఉంటాను, బై.